ఇల్లే బడి... మరి అమ్మకు సెలవెప్పుడు?

పిల్లల్ని బడి మాన్పించి ఇంట్లోనే చదివించే కుటుంబాలు మన ఊళ్లలోనూ కనిపిస్తున్నాయి. పాఠాల సంగతి వాళ్లు బాగానే చూసుకుంటున్నారు. ఆరోగ్యం సంగతే కొన్నిసార్లు మరుగున పడుతోంది. పిల్లలదే కాదు, చెప్పే తల్లిది కూడా.

తలనొప్పి అంటూ ఆమె మా ఓపీకి వచ్చారు. ముప్పై ఎనిమిదేళ్లు. కాజీపేటలో ఇల్లు. భర్తది రైల్వే ఉద్యోగం, డ్యూటీ వేళలు వారానికో తీరుగా మారుతుంటాయి. "నెల రోజుల సంది సాయంత్రమైతే చాలు తల పగిలిపోతుంది సార్. రాత్రి నిద్ర కూడా పడ్తలేదు" అన్నారు. బీపీ చూశాను, మామూలుగానే ఉంది. కింది కనురెప్ప లాగి చూస్తే బాగా పాలిపోయి ఉంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.6 వచ్చింది.

పక్కన తొమ్మిదేళ్ల బాబు కూర్చున్నాడు. మంగళవారం, పొద్దున పదకొండు గంటల వేళ. "ఇవాళ బడి లేదా నాన్నా?" అని అడిగాను. వాడు తల్లి వైపు చూశాడు. "వీనికి ఇంట్లో నేనే చెప్తున్న సార్. ఎనిమిది నెలలైంది" అన్నారామె. నేను కోప్పడతానేమోనని ఆమె భయం.

విషయం అడిగితే మెల్లగా చెప్పుకొచ్చారు. బాబు రోజూ పొద్దున్నే కడుపునొప్పి అనేవాడట. బోర్డు మీద రాసింది దించుకోవడం లేదని డైరీలో ఎర్ర సిరా రాతలు. ఒకరోజు అందరి ముందూ నిలబెట్టారు. ఆ మర్నాటి నుంచి బస్సు హారన్ వినపడితే వాంతి. చివరికి మాన్పించేశారు. "ఇంట్ల మంచిగనే చదువుతున్నడు సార్. నేను చదివి వినిపిస్తే ఒక్కసారికే పట్టుకుంటడు."

'చదివి వినిపిస్తే' అన్న మాట దగ్గర ఆగాను. ఎదురుగా గోడకున్న క్యాలెండర్‌లో తేదీ చదవమన్నాను. వాడు కళ్లు చికిలించాడు. కంటి విభాగానికి పంపితే రెండు కళ్లలోనూ దూరపు చూపు తక్కువని తేలింది. మైనస్ 2 దాటింది.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇన్ని రోజులు ఎవ్వరం చూడలేదా సార్?" అన్నారు.

ఇంటి చదువు గురించి ఆలోచిస్తున్న ప్రతి కుటుంబమూ వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. ఇక నుంచి పిల్లాణ్ని ఎవరెవరు చూస్తారు? తల్లిని ఎవరు చూస్తారు?

ఇంటి చదువు తప్పా?

కాదు. కొందరు పిల్లలకు అది మేలు చేస్తుంది. హైదరాబాద్‌కు చెందిన టేబుల్ టెన్నిస్ క్రీడాకారిణి నైనా జైస్వాల్ ఇంట్లోనే చదువుకుని ఎనిమిదేళ్లకే పదో తరగతి పూర్తిచేసిన సంగతి చాలామంది చదివే ఉంటారు. అమెరికాలో జాన్ హోల్ట్ అనే ఉపాధ్యాయుడు 1977లో 'గ్రోయింగ్ వితవుట్ స్కూలింగ్' అనే పత్రిక పెట్టి, ఇంట్లో చదివించే తల్లిదండ్రులు ఒకరి అనుభవాలు ఒకరికి చెప్పుకునే వేదిక చేశారు. ఇక 2020 మార్చిలో కొవిడ్‌తో బడులు మూతపడ్డాక మనందరికీ ఆ రుచి కొంత తెలిసింది. టీశాట్, దూరదర్శన్ యాదగిరి పాఠాల ముందు పిల్లల్ని కూర్చోబెట్టడానికి ఎన్ని తిప్పలు పడ్డామో గుర్తుండే ఉంటుంది.

అయితే ఇష్టపడి, ఆలోచించి మొదలుపెట్టే ఇంటి చదువు వేరు. బడికి పోనని పిల్లాడు మొండికేస్తే, వేరే దారి లేక మొదలయ్యేది వేరు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో రెండో రకమే ఎక్కువ. అప్పుడు మొదట చేయాల్సిన పని పుస్తకాలు కొనడం కాదు, కారణం వెతకడం.

బడి వద్దంటే... ముందు కారణం

పొద్దున కడుపునొప్పి, తలనొప్పి, వికారం. బస్సు వెళ్లిపోయాక హాయిగా ఆటలు. ఆదివారం ఏ నొప్పీ లేదు. ఈ తీరు కనిపిస్తే పిల్లలు నటిస్తున్నారని అనుకోవద్దు. ఆందోళన వల్ల వచ్చే నొప్పి నిజమైన నొప్పే. దాని వెనుక ఉండే కారణాలు ఇవి:

• చూపు, వినికిడి లోపాలు. చెవిలో తరచూ చీము కారే పిల్లలు టీచర్ మాట సరిగా వినలేరు. దాన్ని మనం శ్రద్ధ లేకపోవడం అనుకుంటాం.

• రక్తహీనత, థైరాయిడ్ లోపం, నిద్రలేమి. ఇవి ఉన్న పిల్లలు మధ్యాహ్నానికే వాడిపోతారు.

• నేర్చుకోవడంలో ఇబ్బంది. తెలివితేటలు బాగానే ఉంటాయి, అడిగితే నోటితో అన్నీ చెబుతారు. చదవమంటే తడబడతారు, అక్షరాలు తారుమారు చేస్తారు. ఎనిమిదేళ్లు దాటినా ఇలా ఉంటే పరీక్ష చేయించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దీన్నీ, ఆటిజాన్నీ గుర్తించింది. ధ్రువపత్రం ఉంటే పరీక్షల్లో అదనపు సమయం వంటి వెసులుబాట్లు దొరుకుతాయి. ప్రభుత్వాసుపత్రుల్లోని పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం, సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ నీపిడ్ ఇందుకు దారి చూపిస్తాయి.

• తోటి పిల్లల వేధింపులు, టీచర్ దండన, ఎవరైనా తాకరాని చోట తాకడం. ఇది పిల్లలు ఒక్కసారికి చెప్పరు. పక్కన పడుకున్నప్పుడో, బండి మీద వెళ్తున్నప్పుడో నెమ్మదిగా అడగాలి.

• ఆందోళన, కుంగుబాటు.

కారణం ఆందోళన అయితే ఒక చిక్కుంది. బడి మాన్పించిన రోజే పిల్లాడికి హాయిగా ఉంటుంది. కానీ తప్పించుకున్న కొద్దీ భయం పెరుగుతుంది. బడి అయ్యాక పెళ్లిళ్లు, ఆ తర్వాత పక్కింటికి వెళ్లడం కూడా మానేస్తారు. అందుకే వీళ్లను మాన్పించే ముందు తప్పకుండా మానసిక వైద్యుల సలహా తీసుకోవాలి.

చెట్టు కింద సలహాలు

తర్వాత కొన్నాళ్లకు ఆమె ఒక ఆదివారం పొద్దున నన్ను పిలిచారు. కాజీపేట, హనుమకొండల నుంచి నాలుగైదు కుటుంబాలు రైల్వే స్టేడియం దగ్గర చెట్టు కింద కలుసుకుంటాయట. చాపలు, టిఫిన్ డబ్బాలు. పిల్లలు ఆడుకుంటుంటే పెద్దలు మాట్లాడుకుంటున్నారు. భిన్నాలు ఎలా చెప్పాలి, హిందీకి ఏ పుస్తకం బాగుంటుంది, మాట వినకపోతే ఏం చేయాలి. రెండు గంటలు కూర్చుని విన్నాను. చాలా సలహాలు నాకే కొత్తగా, బాగా అనిపించాయి. కొన్నింటికి మాత్రం అడ్డు చెప్పాల్సి వచ్చింది.

"మొదటి రెండు నెలలు పుస్తకం ముట్టుకోనియ్యకండి." సగం నిజం. భయపడి బడి మానిన పిల్లాడికి పాఠాల నుంచి విరామం మంచిదే. కానీ లేచే వేళ, తినే వేళ, ఆడే వేళ, పడుకునే వేళ మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. వేళ తప్పిన నిద్రను మళ్లీ దారిలో పెట్టడం చాలా కష్టం.

"రోజుకు రెండు మూడు గంటలు కూర్చుంటే చాలు." ప్రాథమిక తరగతుల వరకు ఒప్పుకుంటాను. ఒకరికి ఒకరే చెప్పేటప్పుడు హాజరు పిలవడం, వరుసలో నిలబడటం ఉండవు కదా. బడికి సమానంగా ఏడు గంటలు కూర్చోబెట్టాలని చూస్తే ఇద్దరూ అలసిపోతారు. మిగిలిన సమయం వంటింట్లో బియ్యం కొలవనివ్వండి, కిరాణా చిట్టీ కూడనివ్వండి. ఊరు చూపించండి. యునెస్కో 2022లో మన వరంగల్‌ను 'లెర్నింగ్ సిటీ'ల జాబితాలో చేర్చింది. 1163 నాటి శాసనమున్న వేయి స్తంభాల గుడి, ఖిలా వరంగల్, ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, వడ్డేపల్లి చెరువు గట్టు... వీటికి మించిన పాఠ్యపుస్తకం ఏముంది!

"ట్యాబ్‌లోనే అన్ని పాఠాలున్నయి." ఇక్కడ జాగ్రత్త. ఇంటి చదువులో పాఠం, ఆట, స్నేహం అన్నీ ఒకే తెర మీదికి చేరిపోతాయి. దగ్గరి నుంచి ఎక్కువసేపు చూడటం, ఎండ మొహం చూడకపోవడం, రెండూ దూరపు చూపును దెబ్బతీస్తాయి. రోజుకు రెండు గంటలు ఆరుబయట వెలుతురులో గడిపితే ఆ ముప్పు తగ్గుతుంది. అయిదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు కనీసం 60 నిమిషాలు ఒళ్లు చెమట పట్టేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పాఠానికి వీలైనంత వరకు పుస్తకం వాడండి. తెర తప్పనిసరైతే ప్రతి 20 నిమిషాలకు ఒకసారి దూరంగా చూడమనండి. పడుకోవడానికి గంట ముందు తెర వద్దు.

"ఇంట్లనే ఉంటడు కదా, ఎప్పుడు లేస్తే ఏంది?" ఆరు నుంచి పన్నెండేళ్ల వారికి 9 నుంచి 12 గంటలు, పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఎన్ని గంటలు పడుకున్నారన్నది ఎంత ముఖ్యమో, రోజూ ఒకే వేళకు పడుకోవడమూ అంతే ముఖ్యం. రాత్రి ఒంటిగంటకు పడుకుని పది గంటలకు లేచే పిల్లాడికి పొద్దుటి ఎండ, టిఫిన్, ఆటగాళ్లు అన్నీ పోతాయి. చిరాకు మిగులుతుంది.

"మా బాబుకు ఈ మాత్రతో కుదురు వచ్చింది, మీరూ వేసి చూడండి." ఈ మాట వినగానే లేచి నిలబడ్డాను. కుదురు కోసం వైద్యులు రాసే మందులు గుండె వేగం, బీపీ, ఆకలి, నిద్ర మీద ప్రభావం చూపుతాయి. వాటిని బరువు చూసి, బీపీ చూసి, అవసరమైన పిల్లలకే ఇస్తారు. ఇంకొకరి పిల్లల మందు మీ పిల్లలకు వేయొద్దు. నిద్ర మాత్రలూ అంతే. జ్ఞాపకశక్తి టానిక్కుల మీద పెట్టే డబ్బు గుడ్లు, పాలు, పల్లీలు, ఆకుకూరల మీద పెట్టండి.

ఒక తండ్రి మాత్రం అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, "లెక్కలు చెప్పేటప్పుడు నా చెయ్యి లేస్తుంది సార్, తర్వాత నాకే ఏడుపొస్తది" అన్నారు. ఇలా ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. బడిలో దండన, మానసిక వేధింపు కూడదని విద్యాహక్కు చట్టం చెబుతోంది. దెబ్బలకు భయపడి మాన్పించిన పిల్లాడు ఇంట్లో అవే దెబ్బలు తింటే వాడికి పారిపోవడానికి ఇంకో చోటు లేదు. చెయ్యి లేస్తోంది అనిపించగానే పుస్తకం మూసి గది బయటికి రండి. ఆ సబ్జెక్టు ఇంకొకరికి అప్పగించండి. ఆ గుంపులోనే లెక్కలు బాగా చెప్పే తల్లి ఒకరున్నారు. ఈయనకేమో ఇంగ్లిష్ బాగా వచ్చు. ఇద్దరూ పిల్లల్ని మార్చుకున్నారు.

బడి చేసే, మనం గమనించని పని

బడిలో టీచర్, ఆటల సార్, ఆయమ్మ, బస్సు అంకుల్, తోటి పిల్లలు... రోజూ కనీసం పది జతల కళ్లు పిల్లాణ్ని చూస్తాయి. కొన్నిసార్లు అవీ పొరబడతాయి, పైన చెప్పిన బాబు విషయంలో జరిగింది అదే. ఇంట్లో అయితే ఉండేది ఒకటో రెండో జతలు. అవి కూడా ప్రేమతో చూసేవి కాబట్టి లోపాన్ని త్వరగా సర్దేసుకుంటాయి.

ఆరోగ్య కార్యక్రమాలు కూడా చాలావరకు బడి ద్వారానే నడుస్తాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ బడులకు వెళ్లి పిల్లల్ని పరీక్షిస్తాయి. ఇంటి దగ్గర చదివే పిల్లలు ఇవి కోల్పోకుండా ఈ జాబితా ఫ్రిజ్ మీద అంటించుకోండి.

• టీకాలు: అయిదేళ్లు నిండాక డీపీటీ బూస్టర్, పదేళ్లకు ఒకటి, పదహారేళ్లకు ఒకటి టీడీ టీకా. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితం.

• నులిపురుగుల మందు: ఏటా ఫిబ్రవరి 10, ఆగస్టు 10 తేదీల్లో నులిపురుగుల నివారణ దినం. బడికి వెళ్లని పిల్లలకు అంగన్‌వాడీలో ఇస్తారు.

• రక్తహీనత: అయిదు నుంచి పదకొండేళ్ల వారికి హిమోగ్లోబిన్ 11.5, పన్నెండు నుంచి పద్నాలుగేళ్ల వారికి 12 కన్నా తగ్గకూడదు. బడిలో వారానికోసారి ఇచ్చే ఐరన్ మాత్రల గురించి మీ ఆశా కార్యకర్తను అడగండి.

• ఏడాదికోసారి కంటి, పంటి పరీక్ష. వినికిడి మీద అనుమానం ఉంటే చెవి పరీక్ష.

• ఆరు నెలలకోసారి ఎత్తు, బరువు. గోడ మీద పెన్సిల్ గీత గీసి తేదీ రాసినా చాలు.

స్నేహాలకూ టైమ్‌టేబుల్ ఉండాలి

వారానికోసారి చెట్టు కింద కలయిక మంచిదే, కానీ చాలదు. వారంలో కనీసం మూడు నాలుగు రోజులు తన వయసు పిల్లలతో ఆడే వీలుండాలి. సాయంత్రం క్రికెట్, ఈత, కరాటే, తబలా... ఏదైనా ఫర్వాలేదు. అక్కడ మీరు పక్కన కూర్చోవద్దు. పిల్లాడు గొడవ పడాలి, ఓడిపోవాలి, మళ్లీ కలిసిపోవాలి. ఇంకొకటి, ఇంటి బయట ఒక పెద్దమనిషి ఉండాలి. కోచ్ కావచ్చు, మేనమామ కావచ్చు, పక్కింటి రిటైర్డ్ టీచర్ కావచ్చు. పిల్లల్లో మార్పు వస్తే "ఏంటమ్మా, వీడు ఈ మధ్య మాట్లాడటం లేదు?" అని మీకు చెప్పగలిగేవారు వాళ్లే.

అమ్మ ఆరోగ్యం

ఇప్పుడు ఆమె తలనొప్పి సంగతి. పొద్దున అయిదింటికి లేవడం, వంట, ఎనిమిదింటికి పాఠాలు, మధ్యాహ్నం ఇంటిపని, సాయంత్రం బాబుతో ఆట, రాత్రి పదకొండు దాకా మర్నాటి పాఠం తయారీ. తిండి గిన్నెల్లో మిగిలింది. "బడికి పోయేటప్పుడు నాకు పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా నా టైం ఉండేది సార్. ఇప్పుడు బాత్రూమ్‌కు పోయినా తలుపు కొడతడు" అన్నారు. పైగా అత్తగారింట్లో, పుట్టింట్లో అందరిదీ ఒకటే మాట, "పిల్లాణ్ని పాడు చేస్తున్నవ్" అని.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉంది. దాని మీద ఈ శ్రమ, నిద్రలేమి చేరితే తలనొప్పి, ఆయాసం, చిరాకు రాక ఏమవుతాయి? ఇంట్లో పిల్లలకు చదువు చెప్పే తల్లులు ఏడాదికోసారి హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బీపీ చూపించుకోవాలి. ఐరన్ మాత్రలు వేసుకుంటే టీ, కాఫీలతో వద్దు, నిమ్మరసంతో మంచిది. నెలసరిలో రక్తస్రావం ఎక్కువైతే మాత్రలతో సరిపెట్టక స్త్రీవైద్య నిపుణులకు చూపించాలి.

మనసు సంగతి తెలుసుకోవడానికి మేం మొదట రెండు ప్రశ్నలు అడుగుతాం. గత రెండు వారాల్లో ఎక్కువ రోజులు మనసు దిగులుగా, ఆశ లేనట్టుగా ఉందా? ఇదివరకు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోయిందా? రెండిటిలో ఒక్కదానికి అవును అన్నా వైద్యుల్ని కలవండి. ఇది బలహీనత కాదు. కుంగుబాటు జ్వరంలా, బీపీలా ఒక జబ్బు, దానికి చికిత్స ఉంది.

కుటుంబం చేయాల్సింది స్పష్టంగా చెబుతాను. వారంలో ఒక పూట తల్లికి పూర్తి సెలవు. ఆ పూట పిల్లాడు తండ్రి దగ్గరో, నానమ్మ దగ్గరో ఉంటాడు. కనీసం ఒక సబ్జెక్టు తండ్రిది. సాయంత్రం ఆరు తర్వాత పాఠాలు ఉండవు, అమ్మ అప్పుడు అమ్మగానే ఉంటుంది. ఈ మూడూ మీ ఇంట్లో కుదరవు అనుకుంటే ఇంటి చదువు మొదలుపెట్టకపోవడమే మంచిది.

పరీక్షలు, తిరిగి బడి

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అంటుంది. ఇంటి చదువు గురించి విడిగా ఏమీ చెప్పదు. పద్నాలుగేళ్లు నిండిన వారు జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ లేదా తెలంగాణ ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి, ఆ తర్వాత ఇంటర్ రాయవచ్చు. మెడిసిన్, ఇంజినీరింగ్ ఆలోచన ఉంటే ఆ ప్రవేశ పరీక్షల నిబంధనలు చూశాకే సబ్జెక్టులు ఎంచుకోండి.

మనసు మారితే తలుపు మూసుకుపోలేదు. బడి మధ్యలో మానిన పిల్లల్ని వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలనీ, వెనకబడితే ప్రత్యేక శిక్షణ ఇవ్వాలనీ అదే చట్టం చెబుతోంది. 'ఎందుకు మాన్పించానా' అని కుమిలిపోవద్దు. ఏటా వేసవిలో పిల్లాడితో కలిసి కూర్చుని ఈ ఏడాది ఎలా గడిచింది, వచ్చే ఏడాది ఏం చేద్దాం అని మాట్లాడుకోండి.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

• రెండు వారాలకు మించి పిల్లాడు గది దాటి రాకపోవడం, ఆటలు మానేయడం, ఊరికే ఏడవడం
• తిండి బాగా తగ్గడం లేదా పెరగడం, బరువులో మార్పు
• రాత్రంతా మేలుకోవడం
• చేతులు కోసుకోవడం, 'నేను లేకపోతే బాగుంటుంది' అనడం
• తల్లికి పిల్లాడి మీద అదుపు లేని కోపం, లేదా తనకు బతకాలని లేదన్న ఆలోచన

చివరి మూడింటిలో ఏది ఉన్నా వారిని ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకురండి. టెలీ మానస్ నంబర్ 14416కు పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. పిల్లలు ఆపదలో ఉంటే 1098.

ఇక ఆ బాబు సంగతి. కళ్లద్దాలు పెట్టుకున్న మర్నాడే బడికి పరుగెత్తలేదు. భయం అంత తొందరగా పోదు. మానసిక వైద్యుల దగ్గరికి కొన్ని వారాలు వెళ్లారు. సాయంత్రాలు స్టేడియంలో క్రికెట్ కోచింగ్‌కు వెళ్తున్నాడు. గురువారం సాయంత్రం నానమ్మ దగ్గర ఉంటాడు, అప్పుడు తల్లి వడ్డేపల్లి చెరువు గట్టు మీద ఒక్కరే నడుస్తారట. పోయిన నెల వచ్చినప్పుడు ఆమె హిమోగ్లోబిన్ 10.9. తలనొప్పి వారానికి ఒకటి రెండు రోజులే వస్తోందన్నారు. ఇంటి దగ్గరలోని ఇంకో బడికి బాబును ఒకరోజు తీసుకెళ్లి చూపించారు. వెనక బెంచీలో కూర్చుని చూశాడట.

"బోర్డు కనిపించిందా?" అని అడిగాను.

"కనిపించింది" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. జూన్ దాకా టైముంది, నేనూ ఏమీ అడగలేదు.